పిలుపులోనే ఉండి పారిపోయినవాడు
చెహోవ్ కథ 'ఇయోనిచ్'లో ఒక వైద్యుని ఆత్మీయ క్షీణత: ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

సేవకుల పతనమును గూర్చి బోధించునప్పుడు మనము సాధారణముగా సమ్సోనును, దావీదును, దేమాను ఉదాహరణగా తీసికొంటాము. ఈ మువ్వురి చరిత్రలలోను ఒక సంఘటన ఉన్నది. సమ్సోనుకు దెలీలా ఇల్లు, దావీదుకు మిద్దెమీది సాయంకాలము, దేమాకు థెస్సలొనీక ప్రయాణము. ఫలాని చోట పడిపోయాడని వేలు పెట్టి చూపించవచ్చును. అయితే వేలు పెట్టి చూపుటకు ఏ దినమును, ఏ చోటును దొరకని పతనము కూడ ఉన్నది. అట్టివాడు తన ఉద్యోగములోనే ఉంటాడు. అతని మీద ఎవరును ఫిర్యాదు చేయరు. ఏ కమిటీయు అతనిని పిలిచి విచారించదు. పైగా అతడు వృద్ధి పొందాడనియే అందరు చెప్పుకొంటారు.

ఇటువంటి పతనమును బహు సూక్ష్మముగా చిత్రించిన రచన రష్యన్ రచయిత అంటోన్ చెహోవ్ వ్రాసిన 'ఇయోనిచ్' అను కథ. ఇది 1898లో 'నీవా' పత్రిక వారి సాహిత్య అనుబంధములో ప్రచురింపబడినది. ఐదు చిన్న అధ్యాయములు మాత్రమే గల ఈ కథను దైవసేవకులు, వేదాంత విద్యార్థులు శ్రద్ధతో చదువవలసి ఉన్నదని మా అభిప్రాయము. రష్యన్ కథలలో మన ప్రసంగికులకు ఎక్కువ పరిచయమైనది టాల్‌స్టాయ్ 1886లో వ్రాసిన 'మనిషికి ఎంత భూమి కావాలి' అను కథ. అందులో సాతాను ఉన్నాడు, దురాశ ఉన్నది, చివరకు ఆరడుగుల గోతి ఉన్నది. ప్రసంగమునకు అది సులువుగా ఒదుగుతుంది. 'ఇయోనిచ్'లో సాతాను కనబడడు. కథానాయకుడు చివరి వరకు బ్రతికే ఉంటాడు, ధనవంతుడై ఉంటాడు. అందుచేతనే ఇది మనకు మరింత దగ్గర కథ.

ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఒక్కటే. ఇయోనిచ్ ధనాపేక్ష వలన చెడిపోయాడని చెప్పుట సగము నిజము మాత్రమే. మొదట అతని కన్నులకు మనుష్యులు కనబడుట మానివేశారు. ఆ ఖాళీ అయిన స్థలములోనికి ధనము వచ్చి కూర్చున్నది.

రచయిత, నేపథ్యము

చెహోవ్ 1860లో తగన్‌రోగ్ పట్టణములో జన్మించాడు. తండ్రి పావెల్ దుకాణదారుడు, దేవాలయ గాయకబృందమునకు నాయకుడు. పిల్లలచేత కఠినమైన క్రమశిక్షణతో ఆరాధనలో పాడించేవాడు. ఆ బాల్యము తరువాత చెహోవ్ విశ్వాసమునకు దూరమయ్యాడు. అయినను ప్రార్థనా క్రమము, వాక్యపు పలుకులు, పండుగల పేర్లు అతని రచనలలో అడుగడుగునా వినబడతాయి. 1884లో మాస్కో విశ్వవిద్యాలయము నుండి వైద్య పట్టా పొందాడు. 1892లో మెలిహొవొ గ్రామమునకు వచ్చి స్థిరపడినప్పుడు ఆ ప్రాంతమునకు కలరా భయము కలిగినది. అప్పుడతడు జీతము తీసికొనకుండా అనేక గ్రామములకు వైద్యునిగా పనిచేశాడు. 1904లో క్షయవ్యాధితో జర్మనీలోని బాడెన్‌వీలర్‌లో మరణించాడు. కాబట్టి గ్రామ వైద్యుని జీవితమును గూర్చి అతడు దూరమునుండి చూచి వ్రాసినవాడు కాడు.

కథ అర్థమగుటకు 'జేమ్‌స్త్వో' అను మాట తెలియవలెను. 1864లో రెండవ అలెగ్జాండరు చక్రవర్తి కాలములో ఏర్పడిన స్థానిక పరిపాలనా మండలులకు ఆ పేరు. పల్లెలలో బడులు, ఆసుపత్రులు నడుపుట వారి పని. జేమ్‌స్త్వో వైద్యుడనగా పల్లె ప్రజల కొరకు నియమింపబడిన జీతగాడైన వైద్యుడు. ఆ కాలపు చదువుకున్నవారి దృష్టిలో అది కేవలము ఉద్యోగము కాదు, పిలుపు వంటిది. మన భాషలో చెప్పవలెనంటే పరిచర్య.

కథా సంగ్రహము

ద్మీత్రి ఇయోనిచ్ స్తార్త్సెవ్ యౌవనస్థుడు. 'ఎస్' అను రాష్ట్ర ముఖ్య పట్టణమునకు తొమ్మిది వెర్స్టుల దూరములో, అనగా సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్ల దూరములో ఉన్న ద్యాలిజ్ గ్రామమునకు వైద్యునిగా నియమింపబడతాడు. అతడు దేవాలయములో పాఠములు చదివే ఒక చిన్న పరిచారకుని కుమారుడు. వసంతకాలములో ఒక పండుగ దినమున (అది ప్రభువు ఆరోహణ పండుగ అని రచయిత ప్రత్యేకముగా చెబుతాడు) రోగులను చూచిన తరువాతనే, పాట పాడుకొంటూ కాలినడకన పట్టణమునకు వెళ్తాడు. అక్కడ తూర్కిన్ వారి ఇంటికి అతిథిగా వెళ్తాడు. పట్టణమంతటిలో తెలివిగల కుటుంబమని వారికి పేరు. తండ్రి ఇవాన్ పెత్రోవిచ్ ఎప్పుడూ అవే హాస్యపు మాటలు చెబుతాడు. తల్లి వేరా తాను వ్రాసిన నవలలను అతిథులకు చదివి వినిపిస్తుంది. కుమార్తె ఎకతెరీన పియానో వాయిస్తుంది. ఆ రాత్రి స్తార్త్సెవ్ తిరిగి నడచి ఇంటికి చేరినప్పుడు అతనికి అలసటయే తెలియదు.

సంవత్సరమునకు పైగా ఆసుపత్రి పనిలో గడుస్తుంది. తరువాత తల్లి తలనొప్పికి వైద్యము చేయుటకు వెళ్లి కుమార్తెను ప్రేమిస్తాడు. ఆమె పరిహాసముగా రాత్రి పదకొండు గంటలకు సమాధుల తోటకు రమ్మంటే వెళ్తాడు, ఆమె రాదు. మరునాడు వివాహమాడుమని అడుగుతాడు. ఆమె తాను గొప్ప కళాకారిణి కావలెనని చెప్పి నిరాకరించి మాస్కోకు వెళ్లిపోతుంది. మూడు దినములు బాధపడి అతడు నెమ్మది పొందుతాడు.

నాలుగు సంవత్సరముల తరువాత అతనికి పట్టణములో పెద్ద ప్రాక్టీసు ఉన్నది. లావెక్కాడు, నడచుట మానివేశాడు. సాయంకాలము క్లబ్బులో పేకాట. ఎకతెరీన తిరిగి వస్తుంది. తనకు గొప్ప కళ లేదని ఆమె గ్రహించినది. తోటలో ఇద్దరు మాట్లాడుకొంటారు, కాని అతడు మరల ఆ ఇంటికి వెళ్లడు. మరికొన్ని సంవత్సరములకు అతనికి ఒక ఎస్టేటు, పట్టణములో రెండు ఇండ్లు ఉంటాయి. మూడవదాని కొరకు చూస్తూ ఉంటాడు. అందరు అతనిని 'ఇయోనిచ్' అని మాత్రమే పిలుస్తారు. క్లబ్బులో ఒంటరిగా భోజనము చేస్తాడు. కథ ఇంతే.

మూడు వివరణలు

పాఠకులు ఈ పతనమునకు సాధారణముగా మూడు కారణములలో ఒకదానిని చెబుతారు. వాటిని కథ ఎదుట నిలిపి చూడవలెను.

మొదటిది, విఫలమైన ప్రేమ. ఆమె కాదన్నది గనుక అతని హృదయము బండబారినదని కొందరంటారు. అయితే వివాహమును గూర్చి అడుగుటకు వెళ్లిన దినమున అతడు భోజనశాలలో కూర్చుండి ఏమి ఆలోచించాడో చూడండి. వీరు కట్నము బాగానే ఇస్తారు కదా అనుకొంటాడు. ఈమెను చేసికొంటే జేమ్‌స్త్వో పని మానిపించి పట్టణములో ఉంచుతారేమో అని అతని మనస్సే హెచ్చరిస్తుంది. పట్టణమైతే పట్టణమే, కట్నముతో ఇల్లు అమర్చుకొందుమని తానే జవాబు చెప్పుకొంటాడు. అనగా ఆమె కాదనక ముందే అతడు తన పల్లె రోగులను మనస్సులో విడిచిపెట్టాడు. నిరాకరణ అతని పతనమునకు కారణము కాదు. అప్పటికే లోపల జరిగినదానిని అది దాచిపెట్టినది.

రెండవది, పరిసరములు. పట్టణము మందమైనది, అక్కడివారు తిండిని, పేకాటను తప్ప మరేమియు ఎరుగరు, అటువంటి చోట ఎవడైనను చెడిపోవును అనునది ఈ వాదన. చెహోవ్ పట్టణమును ఏమాత్రము పొగడలేదన్నది నిజమే. మరణశిక్ష లేని కాలము రావచ్చునని స్తార్త్సెవ్ చెబితే, అప్పుడు వీధిలో ఎవడైనా ఎవని గొంతైనా కోయవచ్చునా అని అడిగే మనుష్యులు వారు. పని చేయకుండ బ్రతుకరాదని చెబితే తమను నిందించాడనుకొంటారు. కాని స్తార్త్సెవ్ ఏమి చేశాడు? మాట్లాడుట మానివేసి, విందులలో తన పళ్లెము వైపు చూస్తూ తినుట నేర్చుకొన్నాడు. వారిని గూర్చి అతని తీర్పు సరియైనదే. ఆ తీర్పులో కనికరము లేదు. వారిని తక్కువగా చూస్తూనే వారితో పేకాడాడు, వారి డబ్బు తీసికొన్నాడు. పరిసరములు అతనిని మ్రింగలేదు. పరిసరములను అసహ్యించుకొనుటయే తనను కాపాడునని నమ్మి అతడు మోసపోయాడు.

మూడవది, ధనాపేక్ష. 1 తిమోతి 6:10ని ఆధారము చేసికొని ఈ కథను వివరించుట సులభము, తప్పు కూడ కాదు. దురాశ అతనిని జయించినదని చివరి అధ్యాయములో రచయితయే చెబుతాడు. కాని ఆ మాట చివరి అధ్యాయములో వచ్చుచున్నదని గమనించవలెను. జ్వరము చివర తెలిసినంత మాత్రమున రోగము చివర మొదలైనదని వైద్యుడు చెప్పడు. రోగము ఎక్కడ మొదలైనదో వెదకవలెను.

కనబడకుండ పోయిన రోగులు

ఈ కథ ఒక వైద్యుని కథ. అయితే ఒక విచిత్రమును గమనించండి. ద్యాలిజ్ ఆసుపత్రికి వచ్చిన ఒక్క పల్లె రోగికైనను ఈ కథలో పేరు లేదు, ముఖము లేదు. పేరు గల ఏకైక రోగి తలనొప్పితో బాధపడే ధనికురాలైన వేరా. ఆమె తలనొప్పి అతనిని ఆ ఇంటికి రప్పించుటకు మాత్రమే పనికి వస్తుంది. రచయిత వారిని మరచిపోయి ఇలా వ్రాశాడని మేము తలంచము. మొత్తము కథ స్తార్త్సెవ్ కన్నులతో చూపబడినది. ఆ కన్నులకు కనబడనిది మనకును కనబడదు.

అయినను వారు పూర్తిగా మాయము కాలేదు. మొదటి అధ్యాయములో పండుగ దినమున కూడ అతడు వారిని చూచిన తరువాతనే బయలుదేరుతాడు. రెండవ అధ్యాయములో ఆసుపత్రి పని వలన సంవత్సరమునకు పైగా తీరికయే ఉండదు. నాలుగవ అధ్యాయములో ప్రతి ఉదయము వారిని త్వరత్వరగా ముగించి పట్టణమునకు పరుగెత్తుతాడు. ఐదవ అధ్యాయములో వారి మీద కేకలు వేసి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పుమని కర్రతో నేలను కొడతాడు. ఈ నాలుగు మెట్లే అతని ఆత్మీయ చరిత్ర.

మరి వారి స్థానములో ఏమి వచ్చినది? రాత్రి ఇంటికి వచ్చి జేబులలోనుండి నోట్లను తీసి చూచుకొనుట అతనికి మెల్లగా అలవాటైన సంతోషము. పసుపు పచ్చనివి, ఆకుపచ్చనివి. కొన్ని దినములలో డెబ్బది రూబుళ్ల వరకు. వాటిలో కొన్నిటికి అత్తరు వాసన, కొన్నిటికి సిర్కా వాసన, కొన్నిటికి సాంబ్రాణి వాసన, కొన్నిటికి చేపనూనె వాసన. కథ అంతటిలో మమ్మును మిక్కిలి కలవరపెట్టిన వివరము ఇదే. ఆ వాసనలు నోట్లవి కావు, మనుష్యులవి. ధనిక స్త్రీ గదిలోని అత్తరు, జబ్బుపడినవాని మంచము దగ్గరి సిర్కా, ప్రార్థన జరిగిన ఇంటి సాంబ్రాణి, పేదవాని చేతులకు అంటిన చేపనూనె. ఆ దినమంతయు అతడు ఎవరెవరి బాధలో ప్రవేశించాడో ఆ నోట్లు సాక్ష్యమిస్తున్నాయి. అతడు మాత్రము వాటిని లెక్కపెడుతున్నాడు. కొన్ని వందలు పోగైనప్పుడు వాటిని పరస్పర పరపతి సంఘమునకు తీసికొనిపోయి ఖాతాలో వేస్తాడు.

బండి విషయము కూడ ఇట్టిదే. మొదట కాలినడక. సంవత్సరము దాటిన తరువాత రెండు గుఱ్ఱముల బండి, పన్తెలెయ్‌మోన్ అను తోలేవాడు. తరువాత గంటలు కట్టిన మూడు గుఱ్ఱముల బండి. కథ చివర ఎఱ్ఱబారిన ముఖములతో యజమానుడును తోలేవాడును ఆ బండిలో పోవునప్పుడు మనుష్యుడు కాదు, అన్యదేవత ఒకటి ఊరేగుచున్నట్లుండెనని రచయిత వర్ణిస్తాడు. తూర్పు సంఘములలో పన్తెలెయ్‌మోన్ అనునది జీతము పుచ్చుకొనకుండ రోగులను బాగుచేసిన ఒక హతసాక్షి పేరు. ఆ పేరు గలవాడు ఇక్కడ బండి తోలుతూ దారి తొలగుమని జనుల మీద కేకలు వేస్తున్నాడు. కీర్తనలు 115:8ని ఎరిగిన పాఠకునికి ఈ చిత్రము క్రొత్తది కాదు. విగ్రహమును నమ్మినవాడు విగ్రహము వంటివాడగును. కన్నులుండియు చూడడు.

సమాధుల తోట, తోటలోని బల్ల

ఇయోనిచ్‌కు హెచ్చరిక లేకుండ పోలేదు. కథలో రెండుసార్లు ద్వారము తెరువబడినది.

మొదటిది సమాధుల తోటలో. గుమ్మము మీద సువార్త వాక్యము ఒకటి చెక్కబడి ఉన్నది. అది యోహాను 5:28లోని మాట. రాబోవు గడియను గూర్చినది. అయితే కథలో ఆ వాక్యము మధ్యలోనే ఆగిపోతుంది. దేవాలయ పాఠకుని కుమారునికి మిగిలిన భాగము తప్పక తెలిసియుండవలెను. లోపలికి వెళ్లిన తరువాత వెన్నెలలో, ప్రతి సమాధిలోను నిత్యమైన, నెమ్మదియైన జీవమును వాగ్దానము చేసే మర్మమేదో ఉన్నదని అతనికి తోస్తుంది. తరువాత గడియారము మ్రోగినప్పుడు తానే చనిపోయి పాతిపెట్టబడినట్లు ఊహించుకొని శూన్యము యొక్క దుఃఖమును రుచి చూస్తాడు. అతని జీవితములో నిత్యత్వము ఇంత దగ్గరగా వచ్చిన రాత్రి మరొకటి లేదు. చంద్రుడు మేఘముల చాటుకు పోతాడు. చీకటిలో గుమ్మమును కష్టముతో కనుగొని, గుఱ్ఱములను విడిచిన సందు కొరకు గంటన్నర సేపు తిరిగి, బండి యెక్కి, తాను లావు కాకూడదని అనుకొంటాడు. మర్మము నుండి తన దేహము బరువు వరకు దిగిపోవుటకు ఎంతో సేపు పట్టలేదు.

రెండవది నాలుగు సంవత్సరముల తరువాత, తూర్కిన్ వారి తోటలోని పాత బల్ల మీద. ఎకతెరీన తన వ్యర్థమైన ఆశను ఒప్పుకొన్నది. తన తల్లి ఎటువంటి రచయిత్రియో తానును అటువంటి కళాకారిణినే అని నవ్వు లేకుండ చెబుతుంది. ఈ కథలో తన్ను తాను ఉన్నట్లుగా చూచుకొన్న వ్యక్తి ఆమె ఒక్కతే. ఆమె ఎదుట అతని ఆత్మలో చిన్న దీపము వెలుగుతుంది. తన జీవితమును గూర్చి విచారముగా మాట్లాడుతాడు. అయితే ఆ మాటల వ్యాకరణమును గమనించండి. రష్యన్ మూలములో అతడు ముసలివాడనగుచున్నాను, దిగజారుచున్నాను అని చెప్పడు. ఆ క్రియలన్నియు బహువచనములో ఉన్నవి. తరువాత క్లబ్బులోని త్రాగుబోతులను, పేకాటగాండ్రను నిందిస్తాడు. 51వ కీర్తన ఏకవచనములో ఉన్నదని మనకు తెలుసు. దుఃఖము ఉన్నంత మాత్రమున ఒప్పుకోలు కాదు.

అప్పుడు ఆమె అతనికి అతని పిలుపును జ్ఞాపకము చేస్తుంది. పల్లె వైద్యుడై బాధపడువారికి సహాయము చేయుట ఎంత ధన్యత అంటుంది. ఒకప్పుడు అతడు తన ఆసుపత్రిని గూర్చి ఎంత ఇష్టముతో మాట్లాడేవాడో చెబుతుంది. ప్రవక్త పలుకవలసిన మాటను ఈ ఓడిపోయిన స్త్రీ పలికినది. ఆ క్షణములో అతనికి రాత్రివేళ జేబులోనుండి తీసే నోట్లు జ్ఞాపకము వస్తాయి. దీపము ఆరిపోతుంది. మార్కు 10:22లోని ధనికుడు కనీసము దుఃఖపడుచు వెళ్లిపోయాడు. ఇయోనిచ్ ఈమెను అప్పుడు పెండ్లి చేసికొనకపోవుట మంచిదైనదని తృప్తిపడి వెళ్లిపోతాడు.

పేరులోని యోనా

రష్యన్ ఆచారములో మనిషి పేరుతోపాటు తండ్రి పేరును కలిపి పిలుచుట మర్యాద. తండ్రి పేరును మాత్రమే పలుకుట చనువుకు, కొన్నిసార్లు చులకనకు గుర్తు. 'ఇయోనిచ్' అనగా ఇయోనా కుమారుడు. ఇయోనా అనునది యోనాకు రష్యన్ రూపము. చివరకు అతనికి స్వంత పేరు మిగులలేదు. యోనా కుమారుడు అనునది మాత్రమే మిగిలినది. కైసరయలో ప్రభువు పేతురును పిలిచిన పేరు కూడ అదే (మత్తయి 16:17). అక్కడ యోనా కుమారునికి ఒక క్రొత్త పేరు ఇవ్వబడినది. ఇక్కడ ఉన్న పేరు పోయినది.

ప్రవక్తయైన యోనాతో పోలిక మరింత లోతైనది. యోనా పిలుపు నుండి తప్పించుకొనుటకు ఓడ యెక్కాడు. ఇయోనిచ్ ఎక్కడికిని పోలేదు. ఎంత ధనము వచ్చినను ద్యాలిజ్ వైద్యుని పదవిని అతడు వదలలేదు. రెండు చోట్ల సంపాదన కావలెనని దానిని పట్టుకొని ఉన్నాడు. పిలుపులోనే ఉండి పారిపోయాడు. అటువంటివాని కొరకు తుపాను లేవదు, చేప రాదు, ఓడవారు చీట్లు వేయరు. రిజిష్టరులో అతని పేరు ఉన్నది, ఆసుపత్రి తలుపు తెరచి ఉన్నది. ప్రకటన 3:1లో సార్దీస్ సంఘమునకు చెప్పబడిన స్థితి ఇదే.

యోనా గ్రంథము చివర దేవుడు అడిగిన ప్రశ్న పట్టణమును గూర్చినది. కుడి యెడమలు ఎరుగని లక్షా ఇరువది వేలమంది యెడల కనికరపడవద్దా అన్నది దాని భావము (4:11). యోనా పట్టణము వెలుపల కూర్చుండి దానిని అసహ్యించుకొన్నాడు. ఇయోనిచ్ పట్టణము నడుమ, క్లబ్బులో, పెద్ద బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుండి అదే చేశాడు.

ఇక్కడ చెహోవ్ చేసిన ఒక పనిని తప్పక చెప్పవలెను. ఇయోనిచ్‌ను గూర్చి చెప్పదగినది ఇంతేనని ముగించి, కథ చివరి వాక్యములను అతనికి ఇవ్వక తూర్కిన్ వారికి ఇచ్చాడు. ఆ హాస్యగాడు ఇవాన్ పెత్రోవిచ్ ప్రతి సంవత్సరము భార్యను, కుమార్తెను క్రిమియాకు పంపుతూ, రైలు కదలునప్పుడు కన్నీళ్లు తుడుచుకొని రుమాలు ఊపుతాడు. మనము కూడ స్తార్త్సెవ్‌తో కలిసి ఇంతవరకు ఈ కుటుంబమును తేలికగా చూచాము. వారి కళ సామాన్యము, వారి మాటలు పాతవి. కాని వారికి కన్నీళ్లు మిగిలియున్నవి. లూకా 18:9లో ఇతరులను తృణీకరించువారిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము ఇక్కడ పాఠకుని మీదికే తిరుగుతుంది.

కథ యొక్క పరిమితి

ఈ కథలో మారుమనస్సు లేదు. అదే టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణము'లో చివరి గంటలలో వెలుగు వస్తుంది. చెహోవ్ తన పాత్రకు ఆ వెలుగును ఇవ్వడు. దీనిని లోపమని కొందరు సేవకులు భావించవచ్చును. కథకు చివర ఒక ఆహ్వాన గీతము జతచేసి బోధించవలెనని కూడ మనకు తోచవచ్చును. మేము దానిని మంచిదని తలంచము. చెహోవ్ వైద్యుడు, అతడు రోగమును నిదానించి చెప్పాడు. మందు తన దగ్గర ఉన్నదని అతడు చెప్పుకొనలేదు. మందు ఎరిగిన మనము రోగమును ఇంత స్పష్టముగా చెప్పుచున్నామా అన్నదే మన ముందున్న ప్రశ్న. గాయమును పైపైన బాగుచేయువారిని యిర్మీయా గద్దించిన మాట (6:14) మనలను కూడ తాకుతుంది.

అయితే ఒక విషయములో మేము రచయితతో పూర్తిగా ఏకీభవించలేము. ఐదవ అధ్యాయములో ఇయోనిచ్ ఇక మారజాలని వస్తువు వలె కనబడతాడు. కొవ్వుచేత గొంతు పూడిపోయి అతని స్వరమే మారిపోయినది. మనుష్యుని దృష్టికి అది నిజమే కావచ్చును. కాని సమాధుల తోట గుమ్మము మీద సగములో ఆగిన ఆ వాక్యము యొక్క మిగిలిన సగము, సమాధులలో ఉన్నవారు కూడ ఒక స్వరమును వినెదరని చెప్పుచున్నది. చెహోవ్ దానిని అక్కడ వ్రాసిపెట్టి ముందుకు సాగిపోయాడు. దానిని పూర్తిగా చదువుట సంఘము యొక్క పని.

సేవకులకు ఈ కథ ఏమి చెప్పుచున్నది?

మన తెలుగు సంఘములలో అనేకులు సైకిలు మీద పరిచర్య ఆరంభించినవారు. ఒక పాస్టరేటు క్రింద అనేక పల్లెలు. ఆదివారము ఒక చోట ఆరాధన ముగించి మరొక చోటికి పరుగు. తరువాత మోటారు సైకిలు వచ్చినది, కొందరికి కారు వచ్చినది. వాహనము పాపము కాదు. చెహోవ్ కూడ గుఱ్ఱములను నిందించలేదు. వాహనము పెరిగినకొద్దీ మనము ఎవరి ఇంటికి వెళ్లుట మానివేశాము అన్నది అడుగవలసిన ప్రశ్న. బండి వెళ్లలేని సందులో ఉన్న వృద్ధురాలిని ఆఖరుసారి ఎప్పుడు చూచాము?

గృహ దర్శనమునకు వెళ్లినప్పుడు, వివాహమునకు, భూస్థాపనకు వెళ్లినప్పుడు విశ్వాసులు ప్రేమతో మన చేతిలో కవరు పెడతారు. పనివాడు జీతమునకు పాత్రుడని ప్రభువే చెప్పాడు (లూకా 10:7). దానిని తీసికొనుటలో సిగ్గుపడనక్కరలేదు. కాని రాత్రి ఇంటికి వచ్చి కవరు తెరచినప్పుడు ఆ ఇంటి వాసన మనకు తెలియుచున్నదా? ఆ ఇంటి కొడుకు పని పోయి మూడు నెలలైనదని, ఆ తల్లి మందులు కొనక ఆ కానుక వేసినదని మన మనస్సునకు వచ్చుచున్నదా? నోటు మాత్రమే కనబడి మనిషి కనబడకపోయిన రాత్రి, మన చేతిలో ఎంత ఉన్నను, ఇయోనిచ్ గదిలో ఉన్నట్లే.

మూడవ మాట వేదాంత విద్యార్థుల కొరకు. పట్టభద్రులై మీరు వెళ్లబోయే ఊరిలో మీ అంత చదివినవారు ఉండకపోవచ్చును. పెద్దల మాటలు పాతవిగా, గాయకబృందపు పాట అపస్వరముగా, కమిటీ చర్చలు చిల్లరగా తోచవచ్చును. మీ అంచనా సరియైనదే కావచ్చును. స్తార్త్సెవ్ అంచనా కూడ సరియైనదే. సరియైన అంచనా వేసి పళ్లెము వైపు చూస్తూ మౌనముగా తినుట మొదలుపెట్టిన దినమే జాగ్రత్తపడవలసిన దినము. ప్రభువు జనసమూహమును చూచినప్పుడు వారి మందత్వము ఆయనకు కనబడలేదని కాదు. వారు కాపరిలేని గొఱ్ఱెలవలె ఉన్నారని కనికరపడెను (మత్తయి 9:36).

ముగింపు

పై పరిశీలనలో తేలినది ఇది. ఇయోనిచ్ యొక్క క్షీణత ప్రేమ విఫలమగుట వలన కలుగలేదు, పట్టణము వలన కలుగలేదు, కేవలము ధనము వలన కలుగలేదు. రోగుల ముఖములు అతని దృష్టినుండి ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. చుట్టునున్నవారి మీద తృణీకారము ఆ కొరతను అతనికి తెలియనీయలేదు. ఆ ఖాళీని నోట్లు నింపాయి. ఎఫెసు సంఘము విడిచిపెట్టిన మొదటి ప్రేమ (ప్రకటన 2:4) కూడ ఒక్క దినమున విడిచినది కాదేమో. అక్కడ ప్రభువు ఇచ్చిన మందు జ్ఞాపకము చేసికొనుమనియు, మొదటి క్రియలు మరల చేయుమనియు (2:5). ఎకతెరీన తోటలో తెలియకయే ఇచ్చినది ఆ మందే.

సేవకుల సహవాస కూటములలో ఈ కథను ఒక సాయంకాలము బిగ్గరగా చదివి, తరువాత ప్రతివారు తమ పరిచర్యలోని తొలి సంవత్సరమున తాము దర్శించిన ఒక విశ్వాసి పేరును చెప్పవలెనని మేము సూచించుచున్నాము. ఇటీవల దర్శించిన ఒకరి పేరును కూడ చెప్పవలెను. రెండవ పేరు వెంటనే జ్ఞాపకము రానియెడల, దానికి చేయవలసినది చర్చ కాదు. మరునాడు ఉదయమే, వీలైతే కాలినడకన, ఎవరి ఇంటికైనను వెళ్లుట. అందుకు కావలసిన కృపను సంఘ శిరస్సగు ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక.